మంగ్నీ ఉంగరం కొంటున్నారా? షోరూమ్ పేరు కంటే ముందు ఉంగరం లోపలి అక్షరాలు చూడండి

రంజాన్ వెళ్లి షవ్వాల్ నెల వచ్చిందంటే గోదావరి జిల్లాల్లోని ముస్లిం ఇళ్లలో సంబంధాల మాటలు ఊపందుకుంటాయి. అమలాపురం, రాజోలు, నర్సాపురం, తణుకు ఏ ఊరివాళ్లైనా సరే, మాట ఖాయమయ్యాక ఉంగరం కోసం చాలామంది చూసేది రాజమండ్రి వైపే. ఒకప్పుడు గుండువారి వీధిలో తెలిసిన దుకాణానికో, ఊళ్లోని కంసాలి దగ్గరికో వెళ్లేవారు. "మా ఇంటి పిల్లకి ఉంగరం కావాలి" అంటే తూకం వేసి, మజూరీ చెప్పి, వారంలో చేసి ఇచ్చేవారు. ఇప్పుడు తనిష్క్, కల్యాణ్ లాంటి పెద్ద సంస్థల షోరూములు వచ్చాయి. "ఉంగరం ఎక్కడ కొన్నారు?" అనేది కూడా పెళ్లిమాటల్లో ఒక ప్రశ్న అయిపోయింది.

పెద్ద షోరూములో కొనడం తప్పేమీ కాదు. బిల్లు పక్కాగా ఉంటుంది, మార్చుకునే సౌకర్యం ఉంటుంది, డిజైన్లు ఎక్కువ. కానీ ఏడాదంతా కూడబెట్టిన డబ్బు పెడుతున్నప్పుడు ఆ డబ్బులో ఎంత బంగారానికి వెళుతోంది, ఎంత మిగతావాటికి వెళుతోంది అని చాలామంది అడగరు. పెళ్లికొడుకు ఉంగరం విషయంలో అయితే డబ్బుతో పాటు హలాల్, హరామ్ ప్రశ్న కూడా ఉంది. "ఇది తెల్లగా ఉంది, బంగారం కాదు కదా" అనుకుని తెచ్చిన ఉంగరం నిజానికి బంగారమే అయ్యే అవకాశం ఉంది. అందుకే కౌంటర్ దగ్గర కూర్చునే ముందే తెలుసుకోవలసిన సంగతులు ఇవి.

ముందుగా పెళ్లికొడుకు ఉంగరం

మగవారికి బంగారం ధరించడం నిషేధమన్నది ముస్లిం ఇళ్లలో అందరికీ తెలిసిందే. తిర్మిజీ, నసాయీ వంటి హదీసు గ్రంథాల్లో పట్టు, బంగారం ఈ ఉమ్మత్ పురుషులకు నిషిద్ధమని, స్త్రీలకు అనుమతించబడ్డాయని ఉంది. దైవప్రవక్త (స) వెండి ఉంగరం ధరించేవారని సహీహ్ బుఖారీలో ఉంది. ఇంతవరకు ఎవరికీ గొడవ లేదు.

చిక్కంతా షోరూములోనే మొదలవుతుంది. "దుల్హాకి బంగారం వద్దు" అని చెబితే సేల్స్‌మన్ రెండు ట్రేలు ముందు పెడతాడు. ఒకటి వైట్ గోల్డ్, రెండోది ప్లాటినం. రెండూ తెల్లగానే మెరుస్తాయి. చూపుకి తేడా తెలియదు.

వైట్ గోల్డ్ అంటే బంగారమే. 18 క్యారెట్ వైట్ గోల్డ్‌లో వెయ్యి భాగాలకు 750 భాగాలు అచ్చమైన బంగారం. మిగతా 250 భాగాల్లో పల్లాడియం, నికెల్, వెండి లాంటి తెల్లని లోహాలు కలుపుతారు. పైన సాధారణంగా రోడియం పూత వేస్తారు. ఆ పూత వల్లే అంత తెల్లగా కనబడుతుంది. కొన్నాళ్లు వాడాక పూత అరిగితే కింద లేత పసుపు బయటపడుతుంది. రంగు మారినంత మాత్రాన లోహం మారదు. కాబట్టి పసుపు బంగారానికి వర్తించే మాటే దీనికీ వర్తిస్తుంది.

ప్లాటినం వేరే లోహం. దానికీ బంగారానికీ సంబంధం లేదు. నగల ప్లాటినం ఎక్కువగా వెయ్యికి 950 భాగాల స్వచ్ఛతతో వస్తుంది, లోపల "పీటీ950" అన్న ముద్ర ఉంటుంది. ఇది బంగారం కంటే బరువైన లోహం. అదే సైజు, అదే మందంలో చేయించినా 18 క్యారెట్ బంగారం ఉంగరం కంటే ఎక్కువ తూగుతుంది. మగవారు ప్లాటినం ధరించవచ్చా అన్న విషయంలో ఉలమాలలో ఏకాభిప్రాయం లేదు. నిషేధం బంగారానికే గనుక అభ్యంతరం లేదని కొందరు అంటారు. హనఫీ మస్లక్‌కు చెందిన పలువురు ముఫ్తీలు మాత్రం పురుషులకు వెండి ఉంగరం ఒక్కటే, అదీ ఒక మిస్ఖాల్, అంటే సుమారు 4.37 గ్రాముల లోపు అయితేనే అనుమతి అంటారు. కొనే ముందే మీ మొహల్లా మసీదు ఇమామ్ సాబ్‌ను అడిగితే, మంగ్నీ రోజున పెద్దల మధ్య ఆ చర్చ రాకుండా ఉంటుంది.

తేడా పట్టుకునే మార్గం సులువు. ఉంగరం లోపలి వైపు చూడండి. "18కె750" అని ఉంటే రంగు ఏదైనా అది బంగారం. "పీటీ950" అంటే ప్లాటినం. "925" అంటే వెండి. వెండికి కూడా 2025 సెప్టెంబర్ 1 నుంచి హెచ్‌యూఐడీ నంబరుతో హాల్‌మార్కింగ్ వచ్చింది, అయితే అది తప్పనిసరి కాదు, దుకాణదారు ఇష్టం. వెండి ఉంగరం కొనేటప్పుడు హాల్‌మార్క్ ఉన్నదే అడిగి తీసుకోవచ్చు. సేల్స్‌మన్ "ప్లాటినం లాగే ఉంటుంది సార్" అంటే అక్కడే ఆగి, బిల్లు మీద లోహం పేరు ఏమని రాస్తారో అడగండి. లాగే ఉండేది బిల్లులో ఎక్కదు, ఉన్నదే ఎక్కుతుంది.

హాల్‌మార్క్‌లో చూడవలసిన మూడు గుర్తులు

పెళ్లికూతురి ఉంగరానికి వద్దాం. బంగారు నగలకు హాల్‌మార్కింగ్‌ను 2021 జూన్ 16 నుంచి మొదట 256 జిల్లాల్లో తప్పనిసరి చేశారు. తర్వాత మరికొన్ని జిల్లాలకు పెంచారు. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆరు అక్షరాలూ అంకెలూ కలిసిన హెచ్‌యూఐడీ లేకుండా హాల్‌మార్క్ నగలు అమ్మకూడదన్న నిబంధన వచ్చింది. కాబట్టి ఉంగరం మీద మూడు గుర్తులు ఉండాలి.

ఒకటి, బీఐఎస్ త్రికోణపు గుర్తు. రెండు, స్వచ్ఛత. 22కె916 అంటే వెయ్యికి 916 భాగాల బంగారం, 18కె750, 14కె585 కూడా అలాగే. మూడు, ఆరు స్థానాల హెచ్‌యూఐడీ. ప్రతి నగకూ ఇది వేరుగా ఉంటుంది.

ఉంగరం మీద ఈ అక్షరాలు చాలా చిన్నవి. కంటికి ఆనవు. హాల్‌మార్క్ నగలు అమ్మే దుకాణంలో పదింతలు పెద్దది చేసి చూపే భూతద్దం ఉండాలన్నది నియమం. అడిగితే ఇవ్వాలి. సిగ్గుపడక్కర్లేదు. తర్వాత ఫోన్‌లో "బీఐఎస్ కేర్" యాప్ తెరిచి, హెచ్‌యూఐడీ వెరిఫై చేసే చోట ఆ ఆరు అక్షరాలు కొట్టండి. నగ రకం, స్వచ్ఛత, హాల్‌మార్క్ వేసిన కేంద్రం, నగల వ్యాపారి వివరాలు వస్తాయి. చేతిలో ఉన్నది ఉంగరమైతే యాప్‌లో కమ్మలు అని వస్తే ఎక్కడో తేడా ఉన్నట్టే. ఆ ఉంగరం పక్కన పెట్టేయండి.

ఉంగరాల విషయంలో ప్రత్యేకంగా ఒక మెలిక ఉంది. రెండు గ్రాముల లోపు నగలకు తప్పనిసరి హాల్‌మార్కింగ్ నుంచి మినహాయింపు ఉంది. సన్నని ఉంగరం ఒకటిన్నర గ్రాములే ఉంటే దాని మీద హాల్‌మార్క్ లేకపోయినా చట్టప్రకారం తప్పు కాదు. కుందన్, పోల్కీ, జడావు నగలకు కూడా మినహాయింపు ఉంది. ఏడాది టర్నోవరు 40 లక్షల లోపు ఉన్న చిన్న దుకాణాలకూ ఉంది. వీటిలో ఏది కొన్నా మోసమని అర్థం కాదు. కానీ స్వచ్ఛతకు భరోసా దుకాణదారు మాట ఒక్కటే అవుతుంది. అలాంటప్పుడు బిల్లు మీద క్యారెట్ రాయించుకోవడం మరీ ముఖ్యం.

"916 కేడీఎం" అన్న మాట ఇంకా మన బజార్లలో వినిపిస్తూ ఉంటుంది. కేడీఎం అంటే అతుకుల కోసం కాడ్మియం వాడే పాత పద్ధతి. అది స్వచ్ఛతకు ముద్ర కాదు. కాడ్మియం పొగ పనివాళ్ల ఊపిరితిత్తులకు చేటు చేస్తుంది. కేడీఎం అని చెప్పి హాల్‌మార్క్ లేకుండా ఇస్తే ఒప్పుకోకండి.

అనుమానం వస్తే ఎవరైనా సరే తమ నగను బీఐఎస్ గుర్తింపు ఉన్న హాల్‌మార్కింగ్ కేంద్రానికి తీసుకెళ్లి పరీక్ష చేయించుకోవచ్చు. నాలుగు నగల వరకు 200 రూపాయలు. ముద్ర మీద ఉన్నదాని కంటే స్వచ్ఛత తక్కువని తేలితే, ఆ తగ్గిన మేరకు లెక్కకట్టిన తేడాకు రెండింతల పరిహారం, పరీక్ష ఖర్చు కొనుగోలుదారుకు ఇవ్వాలని 2018 నాటి బీఐఎస్ నిబంధనలు చెబుతున్నాయి.

బిల్లులో డబ్బు ఎటు పోతోంది?

ఇది లెక్కల సంగతి. అసలు రేటు రోజూ మారుతుంది కాబట్టి, అర్థం కావడానికి 24 క్యారెట్ బంగారం గ్రాము 10,000 రూపాయలు అనుకుందాం. మీరు కొనే రోజు ఆనాటి రేటు వేసుకోండి.

మొదట సాదా ఉంగరం. 22 క్యారెట్, 4 గ్రాములు. 22 క్యారెట్ గ్రాము సుమారు 9,167. బంగారం విలువ 36,668. తరుగు, మజూరీ కలిపి 10 శాతం అంటే 3,667. మొత్తం 40,335. దీని మీద 3 శాతం జీఎస్టీ 1,210. హాల్‌మార్క్ రుసుము 45 రూపాయలు, దాని మీద 18 శాతం పన్ను కలిపి 53. అంతా కలిపి దాదాపు 41,600. ఇందులో బంగారం వాటా 88 శాతం.

ఇప్పుడు షోరూము గాజు అరలో మెరిసే సాలిటేర్ ఉంగరం. 18 క్యారెట్, బంగారం 3.5 గ్రాములు, 30 సెంట్ల వజ్రం. 18 క్యారెట్ గ్రాము 7,500 చొప్పున బంగారం విలువ 26,250. మజూరీ 20 శాతం వేస్తే 5,250. వజ్రం 35,000 అనుకుందాం. మొత్తం 66,500. జీఎస్టీ 1,995. హాల్‌మార్క్ రుసుము 53. అంతా కలిపి దాదాపు 68,550. ఇందులో బంగారం వాటా 38 శాతం మాత్రమే.

రేపు కష్టం వచ్చి ఉంగరం అమ్ముకోవలసి వస్తే ఏమవుతుంది? మజూరీ, జీఎస్టీ తిరిగి రావు. బంగారం విలువ ఆ రోజు రేటుకు వస్తుంది. వజ్రం విలువ కొన్న దుకాణం పాలసీని బట్టి ఉంటుంది. వేరే దుకాణంలో అమ్మితే ఆ వజ్రానికి చాలా తక్కువ చెబుతారు, కొందరు అసలు తీసుకోరు. మొదటి ఉంగరం దాచుకున్న డబ్బుతో సమానం. రెండోది ముచ్చట కోసం పెట్టిన ఖర్చు. ముచ్చట పడటం తప్పు కాదు, ఏది కొంటున్నామో ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి, అంతే.

ఈ లెక్కలో బేరం ఆడగలిగేది మజూరీ దగ్గరే. బంగారం రేటు, పన్ను దుకాణదారు చేతిలో ఉండవు. కొన్ని చోట్ల తరుగు వేరు, మజూరీ వేరు అని రెండుసార్లు వేస్తారు. కొన్ని చోట్ల "వీఏ" అని ఒకటే శాతం చెబుతారు. రెండూ కలిపి ఎంత శాతం పడుతోందో ఒక్క అంకెలో చెప్పమనండి. నగ ఫొటో తీసుకెళ్లి వేరే దుకాణాల్లో ధర పోల్చి చూసుకోమని లలితా జ్యువెలరీ యజమాని కిరణ్ కుమార్ టీవీ ప్రకటనల్లో చెప్పడం అందరూ చూసే ఉంటారు. ఏ దుకాణానికి వెళ్లినా ఆ సలహా పనికొస్తుంది. బ్రాండ్ షోరూములో ఎంత, గుండువారి వీధిలో ఎంత అని ఒకే రోజు అడిగి రాసుకోండి.

ఇంకో రెండు జాగ్రత్తలు. 18 క్యారెట్ ఉంగరానికి 18 క్యారెట్ రేటే వేశారా, 22 క్యారెట్ రేటు వేశారా చూడండి. రాయి బరువును బంగారంలో కలిపి తూచలేదని కూడా చూడండి. ఒక క్యారెట్ వజ్రం అంటే 0.2 గ్రాములు, అంటే వంద సెంట్లు. బిల్లు మీద మొత్తం బరువు, నికర బంగారం బరువు వేరుగా ఉండాలి. హాల్‌మార్క్ నగ బిల్లులో నికర బరువు, క్యారెట్, హాల్‌మార్క్ రుసుము విడిగా చూపాలన్నది నియమం. "బిల్లు వద్దంటే జీఎస్టీ తీసేస్తా" అని కచ్చా చీటీ ఇస్తామంటే ఒప్పుకోకండి. రెండు వేలు మిగిలినట్టు కనబడుతుంది గానీ, రేపు గొడవ వస్తే చేతిలో రుజువు ఉండదు.

వజ్రం తప్పనిసరా?

నిశ్చితార్థపు ఉంగరంలో వజ్రం ఉండాలన్నది మన పద్ధతి కాదు, ముస్లింల పద్ధతీ కాదు. అమెరికాలో టిఫనీ సంస్థ 1886లో ఆరు కొక్కేలతో ఒంటి వజ్రాన్ని ఎత్తి చూపే ఉంగరాన్ని తెచ్చింది. ఇప్పుడు మన షోరూముల్లో సాలిటేర్ అని చూపించే నమూనాకు మూలం అదే. వజ్రం శాశ్వతం అన్న ప్రచారాన్ని డీ బీర్స్ సంస్థ 1947లో మొదలుపెట్టింది. అంతకుముందు శతాబ్దాల తరబడి ప్రపంచానికి వజ్రాలు అందించింది మన కృష్ణా తీరమే. కొల్లూరు, పరిటాల గనులు ఇక్కడివే. అయినా ఇక్కడి మామూలు ఇళ్లలో పెళ్లిమాటలకు వజ్రం అడిగేవారు కాదు. ఆ అలవాటు ప్రకటనలతో వచ్చింది.

వజ్రమే కావాలనుకుంటే ఒక్క ప్రశ్న ముందు అడగండి. గనిలో దొరికిందా, ల్యాబ్‌లో తయారైందా? ల్యాబ్ వజ్రం కూడా కార్బనే, మెరుపూ గట్టిదనమూ ఒకటే, కంటితో తేడా చెప్పలేం. మామూలు డైమండ్ టెస్టర్ పెన్ను కూడా చెప్పలేదు. 2023 జూన్‌లో ప్రధాని మోదీ అమెరికా వెళ్లినప్పుడు జిల్ బైడెన్‌కు ఇచ్చిన 7.5 క్యారెట్ల వజ్రం ల్యాబ్‌లో తయారైనదే. కాబట్టి అది నకిలీ కాదు, చిలకలపూడి బంగారం లాంటిదీ కాదు. కానీ ధర గని వజ్రం కంటే చాలా తక్కువ. గని వజ్రం ధర పెట్టి ల్యాబ్ వజ్రం తెచ్చుకుంటేనే నష్టం.

అందుకే జీఐఏ, ఐజీఐ లాంటి సంస్థల సర్టిఫికెట్ అడగండి. అందులో ల్యాబ్ వజ్రమా కాదా అని స్పష్టంగా ఉంటుంది. క్యారెట్, రంగు, స్వచ్ఛత, కోత అన్న నాలుగు వివరాలూ ఉంటాయి. ఒంటి వజ్రమైతే దాని అంచు మీద సర్టిఫికెట్ నంబరు లేజర్‌తో చెక్కి ఉందేమో అడిగి, భూతద్దంలో చూపించమనండి. ఆ నంబరును సంస్థ వెబ్‌సైట్‌లో కూడా సరిచూసుకోవచ్చు. తిరిగి ఇస్తే ఎంత శాతం ఇస్తారో, మార్పిడికి ఎంత, నగదుకు ఎంత అన్నది బిల్లు వెనుక రాయించుకోండి. నోటిమాట సరిపోదు.

పాత బంగారం ఇచ్చి కొత్తది తీసుకుంటే

చాలా ఇళ్లలో అమ్మీ పాత గాజో, నానీ ఇచ్చిన కమ్మలో ఇచ్చి దాని మీద కొత్త ఉంగరం తీసుకుంటారు. ఇక్కడ రెండు లెక్కలున్నాయి.

మొదటిది బజారు లెక్క. దుకాణంలో పాత నగను కరిగించి టంచ్ చూస్తారు. రాళ్లు, మైనం, అతుకులు తీసేసి తూస్తారు. కరిగించాక వెనక్కి తీసుకోలేం. కాబట్టి వెళ్లే ముందే హాల్‌మార్కింగ్ కేంద్రంలో 200 రూపాయలతో స్వచ్ఛత తెలుసుకుంటే బేరంలో మీ మాటకు బలం ఉంటుంది. కరిగించేటప్పుడు ఎదురుగా నిలబడి చూడండి. ఇంకో సంగతి, పాతది ఇచ్చినా జీఎస్టీ కొత్త నగ పూర్తి విలువ మీద పడుతుంది, తేడా మీద కాదు.

రెండోది షరీయత్ లెక్క. బంగారానికి బంగారం మార్చుకుంటే సమానంగా, చేతికి చేయి ఉండాలన్నది హదీసు. నాసిరకం ఖర్జూరం ఎక్కువ ఇచ్చి మేలురకం తక్కువ తెచ్చిన హజ్రత్ బిలాల్ (రజి)తో, ముందు నీది అమ్మి ఆ డబ్బుతో కొను అని ప్రవక్త (స) చెప్పినట్టు ఉంది. అందుకే పాత బంగారాన్ని ముందు రూపాయల్లో అమ్మి, డబ్బు చేతికి తీసుకుని, తర్వాత కొత్త ఉంగరం కొనమని ఉలమా చెబుతారు. రెండు వేరు వేరు కాగితాలు తీసుకుంటే మజహబ్ పరంగానూ లెక్కల పరంగానూ శుభ్రంగా ఉంటుంది. దుకాణాలవాళ్లు దీనికి సాధారణంగా అడ్డు చెప్పరు.

నెలనెలా కట్టే బంగారం స్కీములు కూడా ఇక్కడే చూడాలి. అవి 11 నెలలే ఎందుకు ఉంటాయి అని చాలామంది అడుగుతుంటారు. సరుకు కోసం కంపెనీ తీసుకున్న అడ్వాన్సుకు 365 రోజుల్లోగా సరుకు ఇవ్వకపోతే, కంపెనీల చట్టం కింద అది డిపాజిట్ లెక్కలోకి వెళ్తుంది. అందుకని ఏడాది దాటకుండా ముగిస్తారు. బ్యాంకు డిపాజిట్‌కు ఉండే బీమా వీటికి లేదు. దుకాణం మూతపడితే డబ్బు చిక్కుకుంటుంది. చివరి నెల వాయిదా దుకాణమే కడుతుందన్న ఆఫర్ బాగానే ఉంటుంది, కానీ మజూరీలో ఎంత పెంచారో చూస్తేనే అసలు లాభం తెలుస్తుంది. ఆ ఆఫర్ షరీయత్ ప్రకారం సరైనదేనా అన్నది ముఫ్తీ సాబ్‌ను అడిగి చేరడం మంచిది.

కువైట్ నుంచి తెస్తామంటే

గోదావరి జిల్లాల నుంచి కువైట్, దుబాయ్, ఖతర్ వెళ్లినవాళ్లు ఎక్కువ. "భాయీజాన్ వచ్చేటప్పుడు తెస్తాడు" అన్న మాట చాలా ఇళ్లలో ఉంటుంది. 2024 జులై బడ్జెట్‌లో బంగారం దిగుమతి సుంకాన్ని 15 నుంచి 6 శాతానికి తగ్గించినప్పుడు అక్కడికీ ఇక్కడికీ ధరల తేడా బాగా తగ్గింది. ఏడాదికి పైగా విదేశంలో ఉండి తిరిగి వచ్చేవారు తమ నగలను సుంకం లేకుండా తెచ్చుకునే బరువు పరిమితి మగవారికి 20 గ్రాములు, ఆడవారికి 40 గ్రాములు. ఈ నిబంధనలు మారుతూ ఉంటాయి కాబట్టి టికెట్ కొన్నప్పుడే కస్టమ్స్ వెబ్‌సైట్‌లో చూసుకోవాలి. కొన్న బిల్లు వెంట ఉండాలి. గల్ఫ్ నగ మీద అక్కడి ముద్ర ఉంటుంది గానీ మన హెచ్‌యూఐడీ ఉండదు. ఇక్కడ అమ్మబోతే దుకాణంలో మళ్లీ టంచ్ చూసే ధర కడతారు.

ఉంగరం ఎవరిది?

మంగ్నీ రోజు ఎవరూ అడగని ప్రశ్న ఇది. తర్వాత గొడవలు వచ్చేది కూడా దీని దగ్గరే. పెళ్లికొడుకువాళ్లు పెట్టిన ఉంగరం హదియానా, మహర్‌లో భాగమా? నికాహ్‌నామాలో రాయకపోతే తర్వాత ఎవరి జ్ఞాపకం వాళ్లది. మహర్‌లో కలపాలనుకుంటే బరువు, క్యారెట్‌తో సహా నికాహ్‌నామాలో రాయించాలి. కలపకపోతే కానుక అని పెద్దల ముందు చెప్పేయాలి. ఉంగరం అమ్మాయిదే అయితే బిల్లు, సర్టిఫికెట్ కూడా అమ్మాయి దగ్గరే ఉండాలి. అమ్మాలన్నా మార్చాలన్నా ఆ కాగితాలు కావాలి. జకాత్ లెక్కలో కూడా యజమాని ఎవరన్నదే ముఖ్యం.

ఉంగరం ఫలానా షోరూముదే కావాలి, ఇన్ని సెంట్ల వజ్రమే ఉండాలి అని అమ్మాయివాళ్లను అబ్బాయివాళ్లు అడగడం మర్యాద సంగతి మాత్రమే కాదు. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం మహర్‌ను కట్నం కిందికి తీసుకురాలేదు. కానీ పెళ్లి పేరుతో వస్తువులు డిమాండ్ చేయడం ఆ చట్టం కింద నేరం. "మేం ఏం అడగలేదండీ, మీ ఇష్టం" అంటూనే షోరూము పేరు చెప్పే వియ్యాలవారూ ఉన్నారు. అలాంటిచోట అమ్మాయి మామూయో, చాచాయో ముందుగానే మృదువుగా "మేం ఇంత బడ్జెట్‌లో చూస్తున్నాం" అని చెప్పేస్తే తర్వాత అప్పు చేయాల్సిన పని రాదు.

డబ్బు కట్టేటప్పుడు

రెండు లక్షలు దాటిన కొనుగోలుకు పాన్ ఇవ్వాలి. ఒకే వ్యక్తి నుంచి ఒక రోజులోగానీ ఒకే లావాదేవీకి గానీ రెండు లక్షలు, అంతకు మించి నగదు తీసుకోవడాన్ని ఆదాయపన్ను చట్టం నిషేధించింది. యూపీఐ, కార్డు, చెక్కు ద్వారా కడితే రుజువు కూడా ఉంటుంది. వడ్డీ పడే వాయిదాల్లోకి వెళ్లకుండా, చేతిలో ఉన్నంతలో చూసుకోవడమే మేలు.

సైజు విషయంలో ఇంట్లో దారంతో కొలిచి పంపడం మన అలవాటు. దారం సాగితే కొలత తప్పుతుంది. అమ్మాయి వాడే ఉంగరం ఒకటి ఖాలా చేత అడిగి తెప్పించుకోవడం నయం. ఎండలకు, ఉక్కకు సాయంత్రానికి వేళ్లు కొంచెం ఉబ్బుతాయి, అప్పుడు కొలిస్తే సరిగ్గా ఉంటుంది. చుట్టూ రాళ్లున్న ఉంగరాన్ని తర్వాత పెంచడం, తగ్గించడం కష్టం. సైజు మార్పుకు డబ్బు తీసుకుంటారా, ఉచితమా అని కొన్నప్పుడే అడగండి.

తేడా వస్తే ముందు దుకాణానికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి నకలు ఉంచుకోండి. బీఐఎస్ కేర్ యాప్‌లో కూడా ఫిర్యాదు చేయవచ్చు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. అయిదు లక్షల లోపు కొనుగోళ్లపై వేసే కేసుకు ఫీజు లేదు. వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. కావలసింది పక్కా బిల్లు ఒక్కటే.

కౌంటర్ దగ్గర అడగవలసినవి, ఒకసారి మళ్లీ:

– ఇది ఏ లోహం? బిల్లులో అదే పేరు రాస్తారా?
– హెచ్‌యూఐడీ ఏది? యాప్‌లో చూసుకోవచ్చా?
– నికర బంగారం బరువు ఎంత, రాయి బరువు ఎంత?
– తరుగు, మజూరీ కలిపి ఎంత శాతం?
– వజ్రం గనిదా, ల్యాబ్‌దా? సర్టిఫికెట్ ఎవరిది?
– తిరిగి ఇస్తే నగదుకు ఎంత, మార్పిడికి ఎంత? బిల్లు మీద రాస్తారా?

ఈ ఆరు ప్రశ్నలకు విసుక్కోకుండా జవాబిచ్చిన దుకాణం పెద్ద షోరూమైనా, గుండువారి వీధిలో చిన్న గదైనా కొనవచ్చు. జవాబు దాటవేస్తే ఎంత పెద్ద బోర్డు ఉన్నా లేచి వచ్చేయవచ్చు.

పెళ్లి చేసుకుంటానన్న ఒక పేద సహాబీ దగ్గర మహర్‌కు ఏమీ లేకపోతే, ఇనుప ఉంగరమైనా వెతికి తెమ్మని దైవప్రవక్త (స) చెప్పారని హజ్రత్ సహల్ బిన్ సాద్ (రజి) ఉల్లేఖనం బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. అతనికి అది కూడా దొరకలేదు. వచ్చిన ఖురాన్ సూరాల మీదే ఆ నికాహ్ జరిగింది. కాబట్టి ఉంగరం ధర చూసి సంబంధం బరువు కొలవనక్కర్లేదు. ఉన్నంతలో కొనండి, కొన్నది ఏమిటో తెలుసుకుని కొనండి, బిల్లు అమ్మాయి చేతిలో పెట్టండి.